నాంచారి మూడో చరణం

ఏ రాజు ఏలిన కాలమో అడక్కండి. చెప్పినవాళ్ళు చెప్పలేదు, విన్నవాళ్ళు అడగలేదు. ఏటికి తెలుసు గానీ, ఏరు నిలబడి ఎవరితోనూ మాట్లాడదు కదా.

ఆ ఏటి పక్కన పల్లపాలెం అని ఒక ఊరుండేది. పేరుకు తగ్గ ఊరు. ఏరు పైన, ఊరు కింద. వానాకాలం వచ్చిందంటే ఏరు పిలవని పేరంటానికి వచ్చినట్టు ఇళ్ళలోకి వచ్చేసేది. వచ్చింది ఊరికే పోయేదా? ఒక ఏడు గొడ్డునో, ఒక ఏడు గోడనో, ఒక్కో ఏడు మనిషినో పట్టుకుపోయేది. అందుకని ఆ ఊళ్ళో ఎవరికీ కుదురుండేది కాదు. పొయ్యి వెలిగించి ఒకసారి ఏటివైపు చూసేవాళ్ళు. ఎసరు పెట్టి ఒకసారి చూసేవాళ్ళు. అన్నం వార్చి మళ్ళీ ఒకసారి చూసేవాళ్ళు. బిడ్డని ఉయ్యాల్లో వేసి ఊపుతున్నా తల్లి రెండో చెయ్యి కట్టి ఉంచుకున్న మూట మీదే ఉండేది.

ఇలా లాభం లేదని ఊరివాళ్ళు కోటకు వెళ్ళారు. మొదటిసారి వెళ్తే రాజావారు వేటకు వెళ్ళారన్నారు. రెండోసారి వెళ్తే రాజావారు పడుకున్నారన్నారు. మూడోసారి ఊరు ఊరంతా వెళ్ళి, వరదలో తడిసిన బట్టల మూటలన్నీ కోట గుమ్మం ముందు విప్పి పిండారు. ఆ బురదనీళ్ళు లోపలికి పారాయి. అప్పుడు రాజావారు బయటికొచ్చి, ఏటికీ ఊరికీ మధ్య పొడుగ్గా కరకట్ట వేయిస్తానని మాటిచ్చారు.

మాట తప్పాడా అంటే తప్పలేదు పాపం. సొమ్ము ఇచ్చాడు. కానీ రాజుగారి చేతి నుంచి ఏటి ఒడ్డు చాలా దూరం. మధ్యలో దివానుగారి చెయ్యి ఉంది, అక్కడ కొంత అంటుకుంది. తరవాత అమీనుగారి చెయ్యి ఉంది. అమీను అంటే పని చూసి బాగుందని ముద్ర వేసేవాడు. ఆ ముద్ర ఊరికే పడదు కదా, అక్కడ ఇంకొంత అంటుకుంది. ఆఖరికి పని పట్టిన గుత్తేదారు కోటిలింగం దగ్గరికి వచ్చింది. బెల్లం కుండ మోసినవాడు చెయ్యి నాక్కోడా అని ఆయన కూడా నాక్కున్నాడు. తిలాపాపం తలా పిడికెడు. మిగిలిన అడుగూబొడుగుతో కట్ట లేవాలి.

కట్ట వెయ్యడానికి మట్టిపని ముఠా ఒకటి వచ్చింది. వాళ్ళకు ఊరంటూ లేదు. పని ఎక్కడుంటే గుడిసె అక్కడే. మగవాళ్ళు మన్ను తవ్వి మోసి పరుస్తారు. ఆడవాళ్ళు వరసగా నిలబడి దిమ్మిస కొడతారు. దిమ్మిస అంటే నిలువు పిడి ఉన్న బరువైన మొద్దు. దాన్ని రొమ్ము దాకా ఎత్తి దించితే కింద మన్ను రాయిలా బిగుస్తుంది. ఆ ముఠాకు పెద్ద అంకయ్య. అంకయ్య చెల్లెలు నాంచారి.

నాంచారికి మొగుడు పోయాడు, పిల్లల్లేరు. చూడ్డానికి చింతబరికెలా ఉండేది. అందం లేదు, చందం లేదు, నాలుగు గింజలు దాచుకునే తెలివి అసలే లేదు. ఉన్నదల్లా గొంతు. ఆమె పాట ఎత్తితే ముఠాలో ఆడవాళ్ళందరి చేతులూ వాటంతటవే దిమ్మిసలు ఎత్తేవి. ఆ పాటే వాళ్ళకు కొలత. పరిచిన ప్రతి మట్టి వరస మీదా పాట మూడు చరణాలూ నడవాలి. మూడూ అయితేనే పై వరస మన్ను పరుస్తారు. తాతలనాటి కట్టుబాటు అది.

మొదటి చరణం మన్నుకి.

"మన్నమ్మా మన్నమ్మా, మెత్తాని మన్నమ్మా, దిగు.
రాయల్లే దిగవమ్మా, రాతల్లే నిలవమ్మా, దిగు."

రెండో చరణం ఏటికి.

"ఏరమ్మా ఏరమ్మా, ఎగువూరి ఏరమ్మా, దిగు.
నీ తోవ నీదమ్మా, మా తోవ మాదమ్మా, దిగు."

మూడో చరణం మాత్రం ఏ ఊరికా ఊరికి కొత్తగా కట్టాలి. కట్ట కింద ఎవరెవరు కాపురముంటారో వాళ్ళ పేర్లన్నీ అందులో రావాలి. ఒక్క ఇల్లు కూడా తప్పకూడదు. అందుకని పల్లపాలెం వచ్చిన పూటే నాంచారి తట్టా పారా ముట్టుకోకుండా ఇల్లిల్లూ తిరిగింది. అమ్మా మీ పేరేంటి, మీ ఇంట్లో ఏముంది, అని అడిగింది. పనికొచ్చావా పెళ్ళి పిలుపుకొచ్చావా అని జనం ఎగతాళి చేశారు. అయినా చెప్పారు. సూరమ్మ ఇంట్లో ఉయ్యాల ఉంది. కుమ్మరి పోతయ్య ఇంట్లో కుండలు చేసే సారె ఉంది. పుల్లమ్మ ఇంట్లో చూడి ఆవుంది. నాంచారి అన్నీ నోట్లో నానేసుకుంది.

ఊరి చివర గుడిసెలో ఒక ముసలామె ఉండేది. మేకల్ని పెంచేది కాబట్టి అందరూ మేకలవ్వ అనేవాళ్ళు. అసలు పేరు ఊరే మర్చిపోయింది. నాంచారి వెళ్ళి అవ్వా నీ పేరు చెప్పవా అంటే, ముసలామె కర్ర తిరగేసింది.

"పేరు చెప్పను పోవే. పేరు తెలిస్తే ఏరు వెతుక్కుంటా వస్తది. నా మొగుణ్ణి ఇట్టాగే ఎవరో గట్టుమీంచి పేరెట్టి పిలిచారు. పలికి ఇంట్లోంచి బైటికి పోయినోడు మళ్ళీ రాలా."

నాంచారి కర్రకు అందకుండా పక్కకు జరిగింది. పోనీ ఏమని పాడమంటావని అడిగింది. మేకల మీద పాడుకో, వాటికి చావంటే భయం లేదు, అంది ముసలామె. సరేనని నాంచారి "మేకలున్నాయి కట్ట కింద, దిగు" అని కట్టుకుంది. దానికి ఊరంతా నవ్వింది. ముసలామె కూడా, ఎవరూ చూడకుండా, కొంచెం నవ్వింది.

పని మొదలైంది. జానెడు మన్ను పరచడం, నీళ్ళు చల్లడం, మూడు చరణాలూ కొట్టడం. కట్ట మోకాలెత్తు లేచింది, నడుమెత్తు లేచింది. సాయంత్రం పని దిగాక నాంచారి వట్టికాళ్ళతో దాని మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచేది. మడమ కింద నేల గట్టిగా ఉంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది. కింద ఊళ్ళో పొయ్యిలు వెలిగేవి. ఏటివైపు చూసేవాళ్ళు కాస్త తగ్గారు.

అప్పుడు కోటిలింగం లెక్కలు మొదలయ్యాయి. మింగిన దానికి సరిపడా మిగల్చాలి కదా. మొదట నీళ్ళ కావిళ్ళు మాన్పించాడు. ఎలాగూ వానొస్తుంది, మళ్ళీ మనం తడపడం దేనికన్నాడు. నాంచారి అన్న దగ్గరికి వెళ్ళింది. అంకయ్య మట్టి తట్ట దించకుండానే చెప్పాడు.

"మనకెందుకే అమ్మీ. రేపు గుడిసె పీక్కుని పోయేవోళ్ళం."

నాంచారి ఊరుకుంది. ఆమె మడమ మాత్రం ఊరుకోలేదు. నడుస్తుంటే నేల ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా తగిలింది.

రెండోసారి, జానెడు మన్నేమిటి, మూరెడు పొయ్యండి, తొందరగా లేస్తుందన్నాడు కోటిలింగం. నాంచారి మళ్ళీ అన్న దగ్గరికి వెళ్ళింది. మనకెందుకే అమ్మీ, రేపు గుడిసె పీక్కుని పోయేవోళ్ళం, అన్నాడు అంకయ్య. నాంచారి ఊరుకుంది. ఆమె మడమ ఊరుకోలేదు. తింటున్నా, కూర్చున్నా కాలు అదురుతూనే ఉండేది. పక్కనున్న ఆడవాళ్ళు నీకేమైనా గాలి సోకిందా అని అడిగారు.

మూడోసారి కోటిలింగం నేరుగా నాంచారి దగ్గరికే వచ్చాడు. అప్పటికి ఏటి వంపు దగ్గర పని మిగిలింది. ఏరు మలుపు తిరిగి ఊరిమీదికి ఎగదోసేది అక్కడే. ఆకాశంలో ముందే మబ్బులు దిగాయి. కోటిలింగం చల్లగా మాట్లాడాడు. మూడో చరణం అంత పొడుగెందుకమ్మా, రెండింటితో సరిపెట్టు, నీకు అంచున్న చీర పెడతాను, అన్నాడు. నాంచారి తల అడ్డంగా ఊపింది. అయితే రేపటి నుంచి ముఠాకు గింజలు కొలవను, అన్నాడు. ఇంకా చల్లగానే అన్నాడు.

గుడిసెల్లో పిల్లలున్నారు. పెద్దవాళ్ళు ఓ పూట మాడినా మాడతారు, పిల్లలకు ఆ సంగతి చెప్పలేం. నాంచారి ఎటూ తేల్చుకోలేక వంపు దగ్గర అటూ ఇటూ తిరిగింది. తిరిగి తిరిగి ఒక తెలివి తెచ్చుకుంది. ఆ తెలివే కొంప ముంచింది. పేర్లు మానెయ్యకూడదు, అంతే కదా? పాటను పరుగెత్తిస్తే సరి. చరణాలు మూడూ ఉంటాయి, పేరు ఒక్కటీ తప్పదు, కట్టుబాటు దాటినట్టూ కాదు, పిల్లల గంజి పోదు.

అలాగే చేసింది. సూరమ్మ ఇల్లు, పోతయ్య ఇల్లు, పుల్లమ్మ ఇల్లు, మేకలు, అన్నీ వాన ముందు చీమల్లా వరసగా పరుగెత్తాయి. పాట పరుగెత్తితే చేతులూ పరుగెత్తాలి. రొమ్ము దాకా ఎత్తాల్సిన దిమ్మిసలు మోకాలి దాకానే లేచి పడ్డాయి. నడకలో పాడితే నాలుగు పొద్దులు పట్టే వంపు పని ఒక పొద్దులో అయిపోయింది. కోటిలింగం భేష్ అన్నాడు. నాంచారికి లోపల ఒక మూల గర్వంగా కూడా అనిపించింది. పేరు ఒక్కటీ వదల్లేదు కదా అనుకుంది.

సాయంత్రం వంపు మీద నడిచింది. మడమ దిగబడింది. లోతుగా కూడా కాదు, వండిన అన్నంలో వేలు పెట్టినంత. నాంచారి అక్కడే ఆగిపోయింది. కింద సూరమ్మ ఉయ్యాల ఊపుతోంది. ఆ పూట ఆమె రెండో చెయ్యి మూట మీద లేదు. కట్ట లేచింది కదా అని మూట విప్పేసింది.

నాంచారి పరుగెత్తుకుంటూ వెళ్ళి, వంపు మళ్ళీ కొడతాం, గింజలు కూడా వద్దు, అని కోటిలింగాన్ని బతిమాలింది. ఆయన వినలేదు. మర్నాడే రాజావారు వస్తున్నారు, అప్పటికే కట్ట మీద మట్టితో సహా కోసిన పచ్చగడ్డి చెక్కలు పరిపించేశాడు. మామిడాకులు కట్టించాడు. చూస్తే పెళ్ళికూతురిలా ఉంది కట్ట. పైన పటారం, లోన లొటారం. అంకయ్యకు చెప్పింది. అతనిదీ అదే మాట, రేపు గుడిసె పీక్కుని పోయేవోళ్ళం.

రాజావారు వచ్చారు. వెనక దివానుగారు, పక్కన అమీనుగారు. ఏరు అందంగా కనబడేది వంపు దగ్గరేనని అమీను అక్కడే పందిరి వేయించి, నడుమ రాజావారికి వెండి కాళ్ళ పీట వేయించాడు. పాపం, ఆయనకు కట్ట సంగతి ఎక్కడ తెలుసు? ముద్ర మాత్రం కట్ట చూడకముందే సిద్ధం చేసుకున్నాడు.

పని ఒప్పజెప్పే రోజున ముఠా ఆడవాళ్ళు యజమాని ముందు పాట ఒక్కసారి కొట్టి వినిపించడం వాడుక. యజమాని సంతోషించి బట్టలు పెడతాడు. గుత్తేదారు కోటిలింగం నాంచారి చెవిలో, త్వరగా కానివ్వు, ఎండలో రాజావారికి ఇబ్బంది, అన్నాడు. ఆడవాళ్ళు పీట చుట్టూ నిలబడ్డారు. నాంచారి వాళ్ళ ముఖాలు చూసింది, కింద ఊరిని చూసింది. గుడిసెల ముందు పిల్లల్నీ చూసింది. మడమ అదురుతోంది. గొంతు సవరించుకుని పాట ఎత్తింది. పరుగు కాదు. తాతలనాటి నడక.

"మన్నమ్మా మన్నమ్మా, మెత్తాని మన్నమ్మా, దిగు."

ఆ నడకలో పాట వస్తే ఆ చేతులు ఆగవు. దిమ్మిసలు రొమ్ము దాకా లేచి దిగాయి. మొదటి చరణానికి గడ్డి చెక్కలు పగిలాయి. రెండో చరణానికి పీట కాళ్ళ కింద నేల గుంటపడింది. మూడో చరణంలో సూరమ్మ పేరు వచ్చేసరికి పీట ఒక పక్కకు ఒరిగింది. పోతయ్య పేరు వచ్చేసరికి వెండి కాళ్ళు మాయమయ్యాయి. మేకల పేరు వచ్చేసరికి రాజావారు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని గోతిలో కూర్చుని ఉన్నారు. నవ్వడానికి ఎవరికీ ధైర్యం లేదు. మేకలవ్వ మాత్రం నవ్వింది.

రాజావారిని నలుగురూ లేవనెత్తారు. ఇదేమిటని ఆయన అడిగారు. దివాను అమీనును చూశాడు, అమీను కోటిలింగాన్ని చూశాడు, కోటిలింగం మబ్బుల్ని చూశాడు. నాంచారి దిమ్మిస దించి చేతులు కట్టుకుంది.

"బాబయ్యా, నీళ్ళు మాన్పించారు, నేను ఊరుకున్నా. మన్ను మందంగా పోయించారు, నేను ఊరుకున్నా. ఇక్కడ పాటను పరుగెత్తించింది మాత్రం నేనే. ఈ వంపు నిలవదు. మళ్ళీ కొట్టనియ్యండి."

ముందు రెండు మాటలూ గాలికి పోయాయి. మూడో మాట అమీను పట్టుకున్నాడు. చిత్తగించండి ప్రభూ, చేసినవాళ్ళే ఒప్పుకున్నారు, ఈ కూలివాళ్ళు పని ఎగ్గొట్టారు, అన్నాడు. రాజావారికి బట్టలు పాడయ్యాయి, పరువు పోయింది, ఎవరో ఒకరి మీద కోపం తీరాలి. ఎదురుగా ఉన్నది నాంచారే. ముఠాకు కూలి ఇవ్వొద్దు, వానలు తగ్గాక వంపు సంగతి చూడండి, అని చెప్పి పల్లకీ ఎక్కారు. చూశారా తమాషా? తిన్నవాళ్ళు ముగ్గురు, తిట్లు తిన్నది ఒకతె.

ముఠా అంతా నాంచారి మీద పడింది. నిజం చెప్పి ఏం బావుకున్నావని అడిగారు. అంకయ్య మాత్రం గుడిసె గుంజలు పీకడం మొదలుపెట్టాడు. అదే ఆమెకు అన్నిటికన్నా కష్టంగా తోచింది. ఎగువన ఉరిమింది. ఏటినీళ్ళ రంగు మారింది.

నాంచారి దిమ్మిస భుజాన వేసుకుని ఒక్కతే వంపు దగ్గరికి వెళ్ళింది. గడ్డి చెక్కలు పీకి పారేసింది. రొమ్ము దాకా ఎత్తి దించింది. మన్నుకు పాడింది, ఏటికి పాడింది. ఒక్క మనిషి, ఒక్క దిమ్మిస, అంత వంపు. ఎక్కడ అందుతుంది? అయినా ఆగలేదు. మూడో చరణం ఎత్తి గొంతు ఊరిమీదికి వదిలింది.

"సూరమ్మ ఇల్లుంది కట్ట కింద, దిగు.
వాళ్ళ ఉయ్యాలుంది ఇంట్లోన, దిగు."

సూరమ్మకు తన పేరు వినబడింది. పేరు పెట్టి పిలిస్తే పలకని మనిషి ఉంటుందా? బిడ్డని చంకనేసుకుని, చేతికందిన రోకలి పట్టుకుని కట్ట ఎక్కింది. పోతయ్యకు తన పేరు వినబడింది. కుమ్మరి కొట్టంలో దాచిన పొడిమన్ను కావిడిలో వేసుకుని ఎక్కాడు. పుల్లమ్మకు వినబడింది. ఆమె ఇంటి అరుగు తవ్వి ఆ మన్ను తట్టలో తెచ్చింది. అది చూసి అందరూ అరుగులు తవ్వారు. ఒక్కో పేరు వస్తుంటే ఒక్కో ఇల్లు కట్ట ఎక్కింది. రోకళ్ళు దిమ్మిసలయ్యాయి. పాట నడిచింది, చేతులు నడిచాయి. మన్ను తడవకుండా పైన చాపలు పట్టారు. ముఠా ఆడవాళ్ళు గుడిసెల దగ్గర నిలబడి చూశారు. ఒకామె దిమ్మిస ఎత్తుకుని వచ్చింది, వెనకే మిగతావాళ్ళు వచ్చారు. అంకయ్య పీకిన గుంజ మళ్ళీ పాతి, తట్ట తీసుకున్నాడు.

అందరికన్నా ఆఖర్న మేకలవ్వ వచ్చింది, తనకంటే పొడుగున్న రోకలి ఈడ్చుకుంటూ.

"మేకల మాట చాల్లే. వజ్రమ్మ ఇల్లని పాడవే. నా పేరే. నన్ను ఆ పేరుతో పిలిచి ఎన్నాళ్ళయిందో," అంది.

నాంచారి పాడింది. ముసలామె కళ్ళు మూసుకుని రోకలి దించింది. ఈసారి ఏరు విన్నా ఆమెకు భయం వెయ్యలేదు.

వాన కుండపోతగా పట్టుకుంది. అప్పుడు కోటిలింగం పెట్టె నెత్తిన పెట్టించుకుని వచ్చాడు. రేవు మునిగింది, కోటవైపు వెళ్ళాలంటే ఇక కట్ట మీది నుంచే దారి. వంపు దాకా వచ్చి ఆగాడు. పిల్లలూ ముసలివాళ్ళూ దాని మీద నిలబడి కొడుతున్నారు. వేయించినవాడు మాత్రం అడుగు పెట్టలేకపోయాడు. లోపల ఏముందో అతనికి తెలుసు. వెనక నీళ్ళు, ముందు తన పనితనం. అటూ ఇటూ చూస్తూ తడిసిపోయాడు. జనం చూసి, వాణ్ణి అక్కడే ఉండనీ అన్నారు.

నాంచారి గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఆ గొంతుతోనే ఎత్తింది.

"కోటిలింగమున్నాడు కట్ట మీద, దిగు.
వాడికీ ఓ అమ్మ ఉన్నాది, దిగు."

సూరమ్మకు ఒళ్ళు మండింది. వాడి పేరెందుకే మన పాటలో అని అడిగింది.

"ఈ పూట వాడి ప్రాణమూ ఈ మన్ను మీదే ఉంది గదమ్మా. ఒక్క పేరు తప్పినా కట్ట కట్ట కాదు," అంది నాంచారి.

కోటిలింగం పెట్టె దించాడు. ఎవరో రోకలి చేతికిచ్చారు. జీవితంలో ఎన్నడూ ఎత్తనివాడు ఎత్తి దించాడు. అరచేతులు పగిలాయి. మళ్ళీ ఎత్తాడు.

ఆ పగలూ, ఆ రాత్రీ, మర్నాటి పగలూ పాట ఆగలేదు. ఏరు వంపు దాకా ఎగిసి, కట్ట అంచుకు బెత్తెడు కిందుగా నిలబడింది. నురగలు కక్కింది, కట్టను ఒరుసుకుంది, నిలబడి ఆలోచించినట్టు నిలబడింది. చివరికి తన తోవన తను పోయింది. నీళ్ళు దిగడం మొదలయ్యాకనే నాంచారి పాట ఆపింది. కట్ట మీద కూలబడి, దప్పికగా ఉంది, కాస్త గంజి పొయ్యండి అంది. సూరమ్మ గంజి తేవడానికి పరుగెత్తింది. నాంచారి మడమలు మన్నుకు ఆనించి, వజ్రమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. కాలు అదరడం మానేసిందవ్వా అంది. సూరమ్మ గంజి తెచ్చేసరికి ఇక లేదు.

ఆమెను వంపులోనే పాతిపెట్టారు. తీసుకెళ్ళడానికి ముఠాకు మరో ఊరు లేదు. అంకయ్య ఆ మట్టి మీద తనే దిమ్మిస కొట్టాడు. పాట ఎత్తడానికి ఎవరికీ నోరు రాలేదు.

కోటిలింగం కోటకు వెళ్ళాడు. పగిలిన చేతులు సభ నడుమ చాపి, ఏ చేతికి ఎంత అంటిందో తన చేతితో మొదలుపెట్టి చెప్పాడు. ఎందుకు చెప్పావురా అని తరవాత అయినవాళ్ళు తిట్టారట. ఆవిడ నా పేరు పాటలో పెట్టింది, ఇక దాక్కోవడం కుదరలేదు, అన్నాడట. రాజావారు ముగ్గురి చేతా కక్కించారు. ముఠా కూలి ముఠాకిచ్చారు. ఇకమీదట కట్ట గానీ గోడ గానీ బాగుందని ముద్ర వేసేవాడు, పాట మూడు చరణాలూ నడిచేదాకా దాని మీద పీట వేసుకుని కూర్చుని తీరాలని చాటింపు వేయించారు. నాంచారికి మాత్రం ఏమీ ఇవ్వలేకపోయారు.

అందుకే ఈనాటికీ ఆ ఏటి వెంబడి ఊళ్ళలో ఎవరైనా ఇల్లు కట్టి తాళం చేతికిస్తే, తీసుకునేవాళ్ళు ముందు ఒక మాట అడుగుతారు. మూడో చరణం పాడారా అని. మేస్త్రీ కళ్ళలోకి చూసి పాడామంటే గడప దాటుతారు. నేలచూపులు చూస్తే గుమ్మంలోనే నిలబడిపోతారు. కొత్తకోడలు ఊళ్ళోకి వచ్చినా, బిడ్డకు పేరు పెట్టినా, ఆ పేరు ముందు పాటలో కలుస్తుంది.

తొలకరి పడిన రోజున పల్లపాలెం ఆడవాళ్ళు రోకళ్ళు తీసుకుని వంపు దగ్గరికి వెళ్తారు. మన్నుకు పాడతారు, ఏటికి పాడతారు, ఇంటింటి పేరూ పాడతారు. నడకలోనే పాడతారు, ఎంత వాన వచ్చినా పరుగెత్తించరు. పేర్లన్నీ అయ్యాక పాట ఎత్తే ఆమె ఒక్క క్షణం ఆగి అడుగుతుంది.

"నాంచారి ఇల్లెక్కడ?"

ఎవరూ నోటితో జవాబు చెప్పరు. అందరూ రోకళ్ళు రొమ్ము దాకా ఎత్తి, ఒక్కసారిగా కట్ట మీదికి దించుతారు. తరవాత ఇళ్ళకు వెళ్ళి పొయ్యిలు వెలిగించుకుంటారు. ఆ పూట అన్నం వార్చేదాకా ఎవరూ ఏటివైపు చూడరు.